కారు సీటులో గాలి రావడం లేదా..? షెడ్డుకు వెళ్లే ముందు ఇవి చూసుకోండి.. ఆ పసుపు కప్లర్ జోలికి మాత్రం పోవద్దు!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నెల్లూరు జిల్లా పడమటి వైపు సంగం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల వాళ్లకు ఆ ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండు గంటల పాటు నీడ లేని చోట కారు ఆపి, వచ్చి కూర్చుంటే సీటు పెనంలా కాలుతుంది. నెల్లూరు నుంచి సంగం మీదుగా ఆత్మకూరు వెళ్లేలోపు చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. అందుకే కారు కొనేటప్పుడు 'వెంటిలేటెడ్ సీట్లు ఉన్నాయా?' అని ప్రత్యేకంగా అడిగేవాళ్లు ఇప్పుడు మన దగ్గరా కనిపిస్తున్నారు.

కొన్నప్పుడు బాగానే ఉంటుంది. రెండు మూడు వేసవులు గడిచాక అసలు సమస్య మొదలవుతుంది. బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది కానీ గాలి రాదు. లేదంటే డ్రైవర్ సీటు పనిచేస్తుంది, పక్క సీటు పనిచేయదు. షెడ్డుకు తీసుకెళ్తే 'సీటు మొత్తం విప్పాలి, ఫ్యాన్ మార్చాలి' అంటారు. వేలల్లో ఖర్చు చెబుతారు. నిజంగానే ఫ్యాన్ పోయి ఉండొచ్చు. కానీ చాలాసార్లు లోపం చిన్న ఫ్యూజ్‌లోనో, వదులైన కప్లర్‌లోనో, సీటు కింద పేరుకున్న దుమ్ములోనో ఉంటుంది. ఖర్చు లేని వాటి నుంచి మొదలుపెట్టి ఒక వరసలో చూసుకుంటూ వెళ్తే డబ్బు, సమయం రెండూ మిగులుతాయి. అదే సమయంలో ఇంట్లో అస్సలు ముట్టుకోకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. అవేంటో చూద్దాం..

ఇప్పుడే ఎందుకీ సమస్య?

ఒకప్పుడు ఈ సదుపాయం ఖరీదైన కార్లకే పరిమితం. 2017లో వచ్చిన కొత్త హ్యుందాయ్ వెర్నాలో ముందు సీట్లకు వెంటిలేషన్ ఇచ్చారు. 2019లో మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన సెల్టోస్‌లోనూ, 2020 నాటి కొత్త క్రెటాలోనూ పై వేరియంట్లకు ఇది వచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. అంటే తొలి విడత కార్లకు ఇప్పటికే చాలా ఏళ్లు నిండాయి. చాలా వాటికి వారంటీ అయిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారినవీ ఉన్నాయి. కాబట్టి రిపేరు ఖర్చు నేరుగా యజమాని జేబు మీదే పడుతోంది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

చాలామంది సీటులో కూడా ఏసీ ఉంటుందనుకుంటారు. మన దగ్గర ఎక్కువగా తిరిగే కార్లలో అలాంటిదేమీ ఉండదు. సీటు కింద, కొన్ని కార్లలో వీపు భాగంలోనూ, ఒక చిన్న ఫ్యాన్ ఉంటుంది. కంప్యూటర్‌లో ఉండే ఫ్యాన్ లాంటిదే అనుకోండి. సీటు పైన చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఫోమ్‌లో గాలి తిరగడానికి దారులుంటాయి. ఫ్యాన్ తిరిగినప్పుడు ఆ రంధ్రాల గుండా గాలి ఆడుతుంది. చెమట ఆరుతుంది, ఒంటికి చల్లగా అనిపిస్తుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. కొన్ని కార్లలో ఫ్యాన్ గాలిని పైకి ఊదుతుంది. ఇంకొన్నింటిలో ఒంటి దగ్గరి వేడి గాలిని కిందికి లాగుతుంది. లాగే రకం సీటు మీద చెయ్యి పెడితే గాలి వస్తున్నట్టు తెలియదు. దాంతో పాడైపోయిందని కంగారుపడతారు.

ఇంకో సంగతి. ఫ్యాన్ వాడుకునేది కారు లోపలున్న గాలినే. ఎండలో నిలిపిన కారులో ఎక్కగానే సీటు ఫ్యాన్ వేస్తే ఆ వేడి గాలే తిరుగుతుంది. ముందు అద్దాలు దించి వేడి బయటికి పోనివ్వాలి. ఏసీ వేయాలి. లోపల చల్లబడ్డాక సీటు ఫ్యాన్ పనితనం తెలుస్తుంది. చాలా కార్లలో ఇంజిన్ స్టార్ట్ అయి ఉంటేనే ఈ ఫ్యాన్ తిరుగుతుందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

కాగితంతో చిన్న పరీక్ష

నిజంగా పాడైందో లేదో తేల్చుకోవడానికి ఒక టిష్యూ పేపర్ చాలు. ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఏసీ బ్లోయర్ ఆపేయండి. సీటు ఫ్యాన్ ఫుల్‌లో పెట్టండి. సీటు మీద రంధ్రాలున్న చోట కాగితం పరచండి. ఊదే రకమైతే కాగితం రెపరెపలాడుతుంది. లాగే రకమైతే సీటుకు అతుక్కుంటుంది. అలాగే చెవి దగ్గరగా పెట్టి వినండి. సన్నగా ఫ్యాన్ శబ్దం రావాలి.

ఇక్కడే సగం సంగతి తెలిసిపోతుంది.

శబ్దం వస్తోంది కానీ కాగితం కదలడం లేదంటే.. ఫ్యాన్ బాగానే ఉంది, గాలి దారి మూసుకుపోయింది.

లైటు వెలుగుతోంది, శబ్దం మాత్రం లేదంటే.. కప్లర్, ఫ్యాన్ లేదా వాటి మధ్య వైరు మీద అనుమానం.

లైటు కూడా వెలగడం లేదంటే.. ఫ్యూజ్, స్విచ్ వైపు చూడాలి.

రెండు సీట్లూ ఒకేసారి ఆగిపోతే.. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యూజ్ లేదా కంట్రోల్ యూనిట్. రెండు ఫ్యాన్లూ ఒకే రోజు పోవడం అరుదు.

కరకరమని శబ్దం వస్తుంటే.. ఫ్యాన్ రెక్కల్లో ఏదో ఇరుక్కుంది, లేదా ఫ్యాన్ బేరింగ్ అరిగింది.

మొదటి అనుమానం సీటు కవర్ మీదే

కొత్త కారు రాగానే మనవాళ్లు చేసే మొదటి పని సీటు కవర్లు వేయించడం. దాని మీద టవల్, ఆ పైన పూసల మ్యాట్. అప్పుడు సీటు రంధ్రాలు పూర్తిగా మూసుకుపోతాయి. కింద ఫ్యాన్ ఎంత తిరిగినా పైకి గాలి రాదు. వెంటిలేటెడ్ సీటుకు మామూలు రెగ్జిన్ కవర్ వేయించడమంటే కిటికీ పెట్టించుకుని ఇటుకలతో మూసుకున్నట్టే. ముందు కవర్ తీసేసి మళ్లీ కాగితం పరీక్ష చేయండి.

కవర్‌తో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లున్న కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సాధారణంగా సీటు అంచులోనే ఉంటుంది. డోర్ వైపున సీటుకు 'ఎయిర్‌బ్యాగ్' అని చిన్న లేబుల్ కనిపిస్తుంది. ఆ అంచును బిగుతుగా కుట్టిన కవర్ కప్పేస్తే, ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. గాలి సంగతి అటుంచితే ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

రెండోది.. సీటు కింద చెత్త, దుమ్ము

ఫ్యాన్ గాలి పీల్చుకునేది, వదిలేది సీటు కింద నుంచే. అక్కడ మన కార్లలో ఏముంటాయి? పాత పేపర్లు, నీళ్ల సీసాలు, తుడిచే గుడ్డలు, గొడుగు, ప్లాస్టిక్ సంచులు. సంచి ఒక్కటి ఫ్యాన్‌కు అడ్డుపడినా గాలి ఆగిపోతుంది. పైగా సీసా దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ కింద పడితే అదో పెద్ద ప్రమాదం. కాబట్టి సీటు కింద ఏమీ పెట్టకూడదు.

పొలం బాటలు, ఇసుక రోడ్ల మీద తిరిగే కార్లకు దుమ్ము ఇంకా ఎక్కువ. కాళ్లతో వచ్చిన మట్టి ఆరి, ఫ్యాన్ రెక్కలకు పట్టేస్తుంది. సీటును పూర్తిగా వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి జరిపి రెండు వైపులా వాక్యూమ్ పట్టించండి. సీటు పైన కూడా మెత్తటి బ్రష్‌తో పట్టించండి. కారు కడిగేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. రంధ్రాలున్న సీటు మీద నీళ్లు, సబ్బు నురగ పోయకూడదు. అవి నేరుగా ఫ్యాన్‌లోకి, వైరింగ్‌లోకి దిగుతాయి. తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెడితే చాలు.

మూడోది.. ఫ్యూజ్

లైటే వెలగకపోతే ఫ్యూజ్ చూడాలి. చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ కింద ఒక ఫ్యూజ్ బాక్స్, బానెట్ కింద ఇంకొకటి ఉంటాయి. ఏ ఫ్యూజ్ దేనికో మూత లోపలి వైపు గానీ, కారుతో ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. కారు పూర్తిగా ఆఫ్ చేసి, బాక్స్‌లో ఉండే చిన్న ప్లాస్టిక్ పట్టకారుతో ఫ్యూజ్ లాగి వెలుతురులో చూడండి. లోపలి తీగ తెగి ఉంటే అది కాలిపోయినట్టే.

దాని స్థానంలో అదే ఆంపియర్ ఫ్యూజ్ వేయాలి. సాధారణంగా ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. అంకె ఫ్యూజ్ మీదే ఉంటుంది. 10 బదులు 20 వేయడం, లేదా రాగి తీగ చుట్టి 'ఇప్పటికి నడిపించు' అనడం అస్సలు వద్దు. ఫ్యూజ్ ఉన్నదే వైరు కాలిపోకుండా తాను కాలిపోవడానికి. దాన్ని మోసం చేస్తే నిప్పు అంటుకునేది మీరు కూర్చున్న సీటు కిందే.

కొత్త ఫ్యూజ్ వేయగానే మళ్లీ కాలిపోయిందా? అయితే ఎక్కడో షార్ట్ ఉంది. మూడో ఫ్యూజ్ వేయకండి. ఇక అది ఆటో ఎలక్ట్రీషియన్ చూడాల్సిన పని.

నాలుగోది.. కప్లర్, ఎలుకలు

సీటును ముందుకు వెనక్కి జరుపుతున్న కొద్దీ కింద వైర్లు లాగబడుతుంటాయి. కాలక్రమంలో కప్లర్ వదులవుతుంది, లేదా వైరు సీటు పట్టాలో నలిగిపోతుంది. సీటు జరిపినప్పుడు ఒకసారి పనిచేసి, ఒకసారి ఆగిపోతుంటే ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక ఎలుకలు. వడ్ల బస్తాల పక్కనో, గడ్డివామి దగ్గరో కారు పెడితే అవి లోపలికి దూరడం మామూలే. కొండను తవ్వితే ఎలుక దొరికిందని సామెత. ఇక్కడ మాత్రం ముందు ఎలుక కోసం వెతికితే కొండ తవ్వే పని తప్పుతుంది. టార్చి వేసి సీటు కింద చూడండి. కొరికిన వైరు, గింజల పొట్టు, ఎలుక పెంటికలు కనిపిస్తే కారణం దొరికినట్టే. అప్పుడు ఒక్క సీటు వైరే కాదు, మిగతా వైరింగ్ కూడా చూపించుకోవాలి.

ఆ పసుపు కప్లర్ దగ్గర ఆగిపోండి

అసలు జాగ్రత్త ఇక్కడే. సీటు కింద కనిపించే వైర్లలో పసుపు రంగు తొడుగు లేదా పసుపు కప్లర్ ఉంటే, అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌కు గానీ, సీటు బెల్టును బిగించే వ్యవస్థకు గానీ సంబంధించింది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కన్ను మూసి తెరిచేలోపు. లోపల మండే రసాయనం ఉంటుంది. దాన్ని లాగడం, టెస్టర్ పెట్టి చూడడం, మీటర్‌తో కొలవడం లాంటివి చేయకూడదు. పొరపాటున పేలితే గాయాలు తప్పవు. పేలకపోయినా, కారు ఆన్‌లో ఉండగా ఆ కప్లర్ ఊడితే డ్యాష్‌బోర్డ్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగిపోతుంది. ఆ లైటు వెలుగుతున్నంతసేపు ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్‌లు పనిచేస్తాయన్న భరోసా ఉండదు.

అందుకే ఇంట్లో చేసే పని చూడడం వరకే. సీటు బోల్టులు విప్పడం, కప్లర్లు పీకడం శిక్షణ ఉన్న మెకానిక్ పని. ఆయన కూడా ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. మీ ముందే అలా చేస్తున్నాడో లేదో గమనించండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు వైర్లుంటాయి. అవి హై వోల్టేజ్ వైర్లు. వాటికి ఇంకా దూరంగా ఉండాలి.

షెడ్డులో ఏం అడగాలి?

పై నాలుగూ చూసినా తేలకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. అయితే ఏం అడగాలో తెలిసి వెళ్తే మంచిది.

ముందుగా స్కానర్ పెట్టమనండి. ఇప్పటి కార్లలో సీటు కంట్రోల్ యూనిట్‌లో లోపం ఉంటే కోడ్ నమోదయ్యే అవకాశం ఉంది. ఆ కోడ్ ఏంటో ఫొటో తీసుకోండి.

తర్వాత బ్యాటరీ వోల్టేజ్. ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా మంచి బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య ఉంటుంది. బ్యాటరీ బలహీనంగా ఉంటే కొన్ని కార్లు ఇలాంటి అదనపు సదుపాయాలను తమంతట తామే ఆపేస్తాయి. బ్యాటరీ మార్చాల్సిన చోట సీటు ఫ్యాన్ మార్చి ఉపయోగం లేదు.

మూడోది ముఖ్యం. ఫ్యాన్ కప్లర్ దాకా కరెంటు వస్తోందా లేదా అని మీటర్‌తో చూడాలి. సీటు స్పీడు ఫుల్‌లో పెట్టి చూడాలి. తక్కువ స్పీడులో కరెంటును ఆపి ఆపి పంపే పద్ధతి ఉంటుంది కాబట్టి మీటర్ తక్కువ చూపించొచ్చు. కరెంటు వస్తున్నా తిరగకపోతే ఫ్యాన్ పోయినట్టు. అసలు కరెంటే రాకపోతే ఫ్యాన్ మార్చినా లాభం లేదు, లోపం వెనక ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా 'ఫ్యాన్ పోయింది' అంటే ఒప్పుకోవద్దు. కొన్ని ఫ్యాన్లకు రెండు వైర్లు, కొన్నింటికి మూడు నాలుగు ఉంటాయి. మూడు నాలుగు వైర్లున్న ఫ్యాన్‌కు నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి చూడడం మంచిది కాదు.

కంపెనీ సర్వీస్ సెంటర్ అయినా, బయటి షెడ్డు అయినా ఖర్చు ముందే కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత భాగం చేతికివ్వమనండి. వారంటీ ఉన్న కారైతే బయట వైరు కోయించకండి. ఆ తర్వాత 'వైరింగ్ మీరే మార్చారు' అని వారంటీ కాదనే అవకాశం ఉంది. డబ్బు తీసుకుని పని చేయకపోయినా, వారంటీలో ఉన్నదానికి బిల్లు వేసినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బిల్లు, జాబ్ కార్డు దాచుకుంటేనే ఇవన్నీ పనికొస్తాయి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు జిల్లాలో ఊళ్లు, రోడ్లు ఎలా మునిగాయో అందరికీ గుర్తే. తుపాన్లు వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒకచోట కార్లు నీళ్లలో నిలుస్తాయి. అలాంటి కారును పాలిష్ చేసి అమ్మితే పైకి ఏమీ తెలియదు. సీటు కింద మాత్రం నిజం దాగదు.

సీటు పట్టాలో ఎండిన ఒండ్రు, బోల్టులకు తుప్పు, కప్లర్ లోపల పచ్చటి చిలుము, మగ్గిన వాసన.. వీటిలో ఏది కనిపించినా అనుమానించాలి. నీళ్లు సీటు ఫ్యాన్ దాకా వచ్చాయంటే, అక్కడే ఉన్న ఎయిర్‌బ్యాగ్ కప్లర్ కూడా తడిసినట్టే. అంటే పనిచేయని సీటు ఫ్యాన్ చిన్న లోపమే కావచ్చు, పెద్ద లోపానికి గుర్తు కూడా కావచ్చు. బేరం కుదిరే ముందే రెండు సీట్లూ కాగితంతో పరీక్షించి చూసుకోండి.

అమెరికాలో పిల్లలున్నారా? ఇది మీ కోసమే

ఇక్కడ సీటు చల్లబడాలని చూస్తాం. చలి దేశాల్లో సీటు వేడెక్కాలని చూస్తారు. అదే హీటెడ్ సీటు. స్వీడన్ కంపెనీ సాబ్ 1970ల మొదట్లోనే డ్రైవర్ సీటుకు హీటర్ ఇచ్చింది. అమెరికా, కెనడాల్లో మన పిల్లలు చదువుకోడానికి వెళ్లి కొనే పాత కార్లలోనూ ఇది తరచుగా కనిపిస్తుంది.

ఇది పాడైతే వెతికే వరస కూడా దాదాపు ఇదే. ఫ్యూజ్, స్విచ్, సీటు కింది కప్లర్, ఆ తర్వాతే లోపలి భాగం. తేడా ఒక్కటే. ఫ్యాన్ బదులు సీటు లోపల వేడెక్కే తీగల పరుపు ఉంటుంది. వేడి మితిమీరకుండా చూసే సెన్సర్ ఉంటుంది. సీటు మీద మోకాలు పెట్టి వెనక సీటులోకి వంగడం, బరువైన సామాను పెట్టడం వల్ల ఆ తీగ తెగుతుంది. సీటు ఒకచోటే బాగా వేడెక్కుతున్నా, కాలిన వాసన వస్తున్నా వెంటనే ఆపేసి, ఫ్యూజ్ తీసేసి షాపులో చూపించాలి. సెన్సర్ పాడైన సీటు ఎంత వేడెక్కుతుందో చెప్పలేం. ఆ కారు మీద కంపెనీ రీకాల్ ఉందేమో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో 17 అక్షరాల విన్ నంబర్ కొట్టి ఉచితంగా చూసుకోవచ్చు.

అసలు చెప్పాల్సింది పెద్దవాళ్ల గురించి. పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్లే అమ్మానాన్నల్లో షుగర్ ఉన్నవాళ్లు చాలామందే. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కొందరికి కాళ్లు, తొడల్లో స్పర్శ తగ్గుతుంది. అలాంటివాళ్లకు కాలుతున్నా తెలియదు. చర్మానికి 44 డిగ్రీల వేడి గంటల తరబడి తగిలినా గాయమవుతుంది. 50 డిగ్రీల దగ్గర నిమిషాలు చాలు. నడుము కింద స్పర్శ లేనివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఈ సీట్ల వల్ల తీవ్రంగా కాలిన ఘటనలున్నాయని, నియంత్రణ పెట్టాలని 2011లో అమెరికాలో కాలిన గాయాల వైద్యులు, భద్రతా నిపుణులు ప్రభుత్వాన్ని కోరారు.

కాబట్టి పిల్లలకు ముందే చెప్పండి. అమ్మ, నాన్న కూర్చునే సీటు హీటర్ తక్కువలోనే పెట్టాలి. సీటు కాస్త వెచ్చబడగానే ఆపేయాలి. స్పర్శ బాగా తగ్గినవాళ్లకైతే అసలు వేయకపోవడమే మేలు. కారులో మామూలు హీటర్ ఎలాగూ ఉంటుంది. దిగాక తొడల మీద ఎర్రటి మచ్చ, బొబ్బ కనిపిస్తే నొప్పి లేదు కదా అని వదిలేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

ఒక్కమాటలో..

చల్లటి సీటైనా, వెచ్చటి సీటైనా వెతికే దారి ఒక్కటే. ముందు కవర్, తర్వాత దుమ్ము, తర్వాత ఫ్యూజ్, తర్వాత టార్చి వెలుతురులో వైర్లు. ఇంతవరకు మీరు చూసుకోవచ్చు, రూపాయి ఖర్చు ఉండదు. పసుపు కప్లర్ కనిపిస్తే అక్కడితో ఆగాలి. ఆ తర్వాత మెకానిక్ పని. మీటర్ పెట్టి చూపించమని అడగడం మాత్రం మీ పని.